బీదర్ చిన్న ఊరే, కానీ మీ కార్లో ఉన్నవి మూడు ప్రయాణాలు

ఈ వారం ఉత్తరం మియాపూర్ నుంచి. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరంలోని సంగతులు క్లుప్తంగా ఇవి.

ఆమె బ్యాంకు ఉద్యోగి. ఇంట్లో భర్త, 12 ఏళ్ల కొడుకు, ఆరేళ్ల కూతురు, మోకాళ్ల నొప్పులున్న 69 ఏళ్ల అత్తగారు. రెండో శనివారం, ఆదివారం కలిసొస్తున్నాయి కదా, ఎక్కడికైనా వెళ్లి తీరిగ్గా ఉండొద్దాం అని ఈమే మొదట కదిపారు. దగ్గర్లో ఉంది, పాత రాజధాని, కోట ఉంది అని బీదర్ ఖాయమైంది. ఖాయమైన గంటకే భర్త ఎక్సెల్ షీట్ తెరిచారట. "అందులో పద్నాలుగు స్పాట్లు. కోట, మదరసా, అష్టూర్ సమాధులు, చౌఖండీ, చౌబారా, బరీద్ షాహీ సమాధులు, గురుద్వారా, ఝరణి నరసింహస్వామి, పాపనాశం శివాలయం, నౌబాద్ కరేజ్ (నేలకింద తవ్విన పాత నీటి కాలువ), బిద్రీ (నల్ల లోహం మీద వెండి పని) షాపులు. అవి చాలవన్నట్టు హుమ్నాబాద్, జలసంగ్వి, బసవకల్యాణ్. చిన్న ఊరే కదా, పొద్దున అయిదింటికి బయల్దేరితే రాత్రికి వచ్చి ఇంట్లోనే పడుకోవచ్చు, హోటల్ దండగ అంటారు."

అత్తగారికి నరసింహస్వామి దర్శనం కావాలి. మిగతా వాటి సంగతి అడిగితే "నా గురించి ఆగకండి, నేను కార్లో కూర్చుంటా" అంటారు. పోయినసారి వేరే ఊరికి వెళ్లినప్పుడు అలాగే రెండు గంటలు ఎండలో కార్లో కూర్చుని బీపీ పెరిగి, తిరుగు ప్రయాణమంతా ఎవరూ ఎవరితో మాట్లాడుకోలేదు. అబ్బాయికి కోటలంటే పిచ్చి. పాప రెండో గోడ దగ్గరే "ఇంటికెప్పుడు" మొదలుపెడుతుంది. ఇక ఉత్తరం రాసినావిడ మాట: "నాకేం కావాలో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికి సిగ్గే. ఒక చెట్టు కింద కూర్చుని, ఎవరికీ మంచినీళ్లు కూడా అందించకుండా, రెండు గంటలు ఉండాలనుంది." ఖర్చు 15,000 దాటకూడదు, సొంత కారుంది. ఒక రోజా రెండు రోజులా, అత్తగారిని ఝరణికి తీసుకెళ్లాలా వద్దా, గొడవ లేకుండా ఆయనకెలా చెప్పాలి అనేవి ఆమె ప్రశ్నలు.

ముందు మీ వారి వైపు న్యాయం ఎంతుందో చూద్దాం. బీదర్ చిన్న ఊరన్నది నిజం. కోట, మదరసా, చౌబారా అనే పాత కావలి బురుజు, మూడూ పాత ఊళ్లోనే ఉన్నాయి. అష్టూర్ ఊరికి తూర్పున మూడు కిలోమీటర్లు. బరీద్ షాహీ సమాధులు పడమర వైపు, ఆటోలో పది నిమిషాలు. మ్యాపులో చూస్తే ఒక్క పూట పని. మ్యాపు చెప్పనిది ఏమిటంటే, ఊరు చిన్నదైనా అందులో ఉన్నవి రాజధాని కొలతలవి. బహమనీ సుల్తాను అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చింది 1420ల్లో. ఎర్ర రాతి నేలనే తొలిచి మూడు వరసల కందకం తీసి కట్టిన కోట అది. ద్వారాలు, మహళ్లు, మసీదు, దర్బారు, ఫిరంగి బురుజు అన్నీ చూడాలంటే మూడు గంటల నడక. అదీ చెట్టు నీడ సరిగా లేని ఎర్రమట్టి మీద. ఊరు సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి చలికాలం పొద్దున స్వెట్టర్ కావాలి, అదే రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర దాకా రాతి మీద నిలబడలేరు. మార్చి దాటాక వెళ్తే ఆ గంటలు పదకొండు నుంచి అయిదు దాకా సాగుతాయి.

ఇప్పుడు ఒక్క రోజు లెక్క కట్టండి. మియాపూర్ నుంచి పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట మీదుగా జహీరాబాద్, అక్కడ హైవే వదిలి కుడికి తిరిగితే ఇంకో 30 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకపోతే రెండున్నర గంటలు. పిల్లలు, పెద్దావిడ ఉన్న కారు ఆగకుండా పోదు, మూడు వేసుకోండి. రానుపోను ఆరు. మధ్యాహ్నపు ఎండ మూడున్నర గంటలు తీసేయండి. భోజనం, టిఫిను, పార్కింగులకు రెండు. అయిదింటికి బయల్దేరి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరినా చేతిలో మిగిలేది నాలుగున్నర గంటలు. దాంట్లో పద్నాలుగు స్పాట్లంటే ఒక్కోదానికి 20 నిమిషాల లోపు. బసవకల్యాణ్ ఒక్కటే బీదర్ నుంచి 80 కిలోమీటర్లు. అది పడితే మిగతా రోజంతా కారులోనే గడుస్తుంది. కల్యాణి చాళుక్యుల రాజధాని, బసవన్న నడిచిన ఊరు. దాన్ని తోక ప్రయాణంగా చేర్చడం ఆ ఊరికి కూడా అన్యాయమే. హుమ్నాబాద్, జలసంగ్వి దానికి దారిలోవి కాబట్టి ఆ మూడూ కలిపి ఇంకెప్పుడైనా ఒక ట్రిప్పు చేసుకోవచ్చు.

అయితే మీ ఉత్తరంలో నాకు కనిపించిన అసలు చిక్కు స్పాట్ల సంఖ్య కాదు. మీ వారు, అబ్బాయి వెళ్తున్నది ఒక కోట చూడ్డానికి. అత్తయ్యగారు వెళ్తున్నది ఒక దర్శనానికి. మీరు వెళ్తున్నది అసలేమీ చూడకుండా ఉండడానికి. ఈ మూడింటినీ ఒకే కార్లో, ఒకే టైములో, అందరూ అన్నిచోట్లా దిగి చేయాలనుకోవడం వల్లే పోయినసారి అలా అయింది. ఎవరు ఎక్కడ దిగుతారో, ఎవరు దిగరో, దిగనివాళ్లు ఆ టైములో ఎక్కడ ఉంటారో ముందే అనుకుంటే సగం గొడవ ఉండదు. దిగనివాళ్లు కార్లో ఉండడం అనే పద్ధతిని మాత్రం ఈసారికి నిషేధించండి. కారు వెయిటింగ్ రూము కాదు. దిగని మనిషికి మంచం, బాత్రూమ్ ఉన్న గదో, నీడా బెంచీ ఉన్న తోటో ఉండాలి. ఒక రాత్రి రూము తీసుకోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే. మీ వారు "పడుకోడానికి అంత డబ్బా" అంటే రాత్రి నిద్ర గురించి వాదించకండి, మధ్యాహ్నం మూడున్నర గంటల గురించి చెప్పండి.

మీ ముందున్న దారులు ఇవి. ఒక్క రోజులోనే వెళ్లిరావాలని ఆయన పట్టుబడితే అదీ చేయొచ్చు, కాకపోతే రెండే చోట్లకు: పొద్దున తొమ్మిదిన్నరకల్లా కోట, మధ్యాహ్నం గురుద్వారా, అంతే, మూడింటికి వెనక్కి. ఖర్చు పెట్రోలు, తిండి మాత్రమే. అయితే అందులో మీ రెండు గంటలు ఉండవు, ఝరణి ఉండదు, ఆదివారమంతా అందరూ ఇంట్లో ఉసూరుమంటూ పడుంటారు. శుక్రవారం సాయంత్రం ఆఫీసుల నుంచి నేరుగా బయల్దేరితే రెండు పొద్దుటి పూటలు చేతికొస్తాయి, బీదర్‌లో విలువైన గంటలు అవే. కానీ శుక్రవారం సాయంత్రం పటాన్‌చెరు దాటడమే ఒక ప్రహసనం. చేరేసరికి రాత్రి పదవుతుంది, పాప కార్లో నిద్రపోయి హోటల్లో లేచి కూర్చుంటుంది, రూము ఖర్చు రెండు రాత్రులకు పడుతుంది. మీ బడ్జెట్‌లో అది ఇరుకు. లేదంటే మీ వారు, అబ్బాయి ఇద్దరే ఒక ఆదివారం వికారాబాద్ మీదుగా వెళ్లే రైల్లో కోటకు పోయిరావచ్చు, మీరు ఈ రెండు రోజులూ ఇంట్లోనో ఇంకోచోటో తీరిగ్గా ఉండొచ్చు. చెడ్డ ఆలోచనేం కాదు. కానీ అత్తయ్యగారి దర్శనం అప్పుడు ఎవరి పనీ కాకుండా పోతుంది, ఆ మాట ఆవిడ బయటికి అనరు.

ఇవన్నీ చూశాక మీకు సరిపడేది శనివారం పొద్దున వెళ్లి ఆదివారం సాయంత్రం వెలుగుండగానే ఇల్లు చేరడం అని నాకనిపిస్తోంది. అది ఎలా నడుస్తుందో వివరంగా చెప్తాను, మార్పులు మీరు చేసుకోండి.

శనివారం ఇంట్లోనే టిఫిన్ తిని ఏడున్నరకు బయల్దేరండి. అయిదింటి అలారం అక్కర్లేదు, ఎందుకంటే ఆ రోజు పొద్దుటి పూటలో మీరు ఏ స్పాటూ పెట్టుకోవడం లేదు. కంకోల్ టోల్ దాటాక ఒకసారి ఆగి అత్తయ్యగారిని అయిదు నిమిషాలు నడిపించండి. మోకాళ్లు గంటన్నరకు మించి ముడుచుకుని ఉంటే దిగేటప్పుడే ఆవిడకు నరకం. పదకొండుకు బీదర్ చేరతారు. చాలాచోట్ల రూము పన్నెండుకు గానీ ఇవ్వరు కాబట్టి నేరుగా గురుద్వారా నానక్ ఝీరా సాహెబ్‌కు వెళ్లండి. దక్షిణ దేశయాత్రలో గురు నానక్ ఇక్కడ ఆగారని, ఆయన పాదం తగిలి రాయిలోంచి మంచినీళ్ల ఊట పుట్టిందని సిక్కుల నమ్మకం. ఆ ఊటే ఝీరా. ఇప్పటికీ నీళ్లు వస్తుంటాయి. తలమీద గుడ్డ తప్పనిసరి. మీకు చున్నీ, కొంగు ఉంటాయి, మగవాళ్లకు రెండు చేతిరుమాళ్లు పెట్టుకోండి. లంగరులో భోజనం అందరికీ ఉచితం. వరసలో కింద కూర్చుని తినాలి, అదే అత్తయ్యగారికి ఇబ్బంది. మోకాళ్ల సంగతి సేవకులకు లోపలికి వెళ్లేముందే చెప్పండి, వరస మధ్యలో చెప్తే అందరికీ కంగారు. రోటీ ఎంత కావాలో అంతే అడగండి, ప్లేటులో వదిలేయడం అక్కడ మర్యాద కాదు.

ఒంటిగంటకల్లా రూములో ఉండండి. మూడున్నర దాకా ఎవరూ ఎక్కడికీ కదలరు. మీ వారికి ఇది కష్టమైన ఘట్టం. అబ్బాయిని తీసుకుని మదరసాకు వెళ్లొస్తానంటే వెళ్లనివ్వండి, అడ్డు చెప్పకండి. మహమూద్ గవాన్ కట్టించిన మదరసా అది, 1472 నాటిది. మూడంతస్తులు, పారశీక పద్ధతి. ఒక మినారే మిగిలింది. దానిమీద వంకర టింకర చారల్లా చుట్టుకు తిరిగే నీలిరంగు పలకలు అక్కడక్కడా ఇంకా అతుక్కునే ఉన్నాయి. 1696లో లోపల నిల్వ చేసిన మందుగుండు పేలి ఓ పక్కంతా కూలిపోయింది. అబ్బాయికి చెప్పడానికి ఇంకో సంగతి: ఈ గవాన్ బహమనీల ప్రధానమంత్రి. శత్రురాజుకు రాసినట్టు ఒక దొంగ ఉత్తరం సృష్టించి, రాజుకు చూపించి, 1481లో ఆయన తల తీయించారు. అది జరిగింది బీదర్‌లో కాదు, మన కొండపల్లి దగ్గర సైన్యం విడిదిలో. కొండపల్లి బొమ్మల ఊరు తెలిసిన పిల్లాడికి బీదర్ గోడ అప్పుడు పరాయి చరిత్రలా ఉండదు.

నాలుగింటికి అందరూ కలిసి అష్టూర్. కారు సమాధుల దగ్గరి దాకా వెళ్తుంది, అత్తయ్యగారు నడవాల్సింది తక్కువ. బహమనీ సుల్తానుల సమాధులు, పెద్ద పెద్ద గుమ్మటాలు వరసగా ఉంటాయి. అన్నిటిలోకీ దూరకండి, రెండు చాలు. ఒకటి అహ్మద్ షా వలీది. బయటి నుంచి చూస్తే మామూలు రాతి గుమ్మటం, లోపల గోడలూ పైకప్పూ ఎరుపు, నీలం, బంగారు రంగుల్లో లతలు, అక్షరాలు. లోపల చీకటి. ఫోన్ టార్చి వేస్తే ఒక తెల్లటి చుక్క తప్ప ఏమీ తెలీదు. ఒక చేతి అద్దం పట్టుకెళ్లండి, వాకిట్లో ఎండ పడేచోట నిలబడి ఆ వెలుగును కప్పు మీదికి తిప్పితే ఒక్కో రంగూ బయటికొస్తుంది. అద్దం పట్టుకునే పని పాపకు ఇవ్వండి. ఆ అరగంట "ఇంటికెప్పుడు" వినపడదు. ఈ సుల్తానును ముస్లింలతో పాటు లింగాయతులూ కొలుస్తారు, ఏటా ఉర్సు కలిసి చేస్తారు. కాబట్టి లోపల చెప్పులు విప్పి, గొంతు తగ్గించి ఉండాలి. రెండోది హుమాయూన్ సమాధి. ఢిల్లీ హుమాయూన్ కాదు, ఇక్కడి జనం జాలిమ్ (క్రూరుడు) అని పేరు పెట్టుకున్న బహమనీ రాజు. పిడుగు పడి గుమ్మటం సగం విరిగిపోయింది, ఆ కోతలో గోడ మందం, లోపలి కట్టుబడి అంతా బయటికి కనిపిస్తుంది. అబ్బాయి అక్కడి నుంచి కదలడు. వచ్చేదారిలో ఎనిమిది మూలల చౌఖండీ సమాధి ఉంది. మెట్లెక్కాలి, అత్తయ్యగారికి వద్దు. కింద నుంచి చూస్తే చాలు.

రాత్రి భోజనానికి జొన్నరొట్టె పెట్టే ఖానావళి వెతకండి. వంకాయ ఎణ్ణెగాయి, పల్లీల చట్నీపొడి, పెరుగు ఉంటాయి. కారం మన ఇళ్లలాంటిదే, పాపకు మాత్రం పెరుగన్నం చెప్పండి. భాష గురించి బెంగ వద్దు. 1956 దాకా ఇది హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లా. కన్నడ రాకపోయినా హైదరాబాదీ ఉర్దూతో బండి నడుస్తుంది, తెలుగు అర్థమయ్యేవాళ్లూ చాలామంది తగులుతారు.

ఇక ఆదివారం పొద్దున. ఈ ప్రయాణానికి ఆయువుపట్టు అదే. ఆరున్నరకు మీ వారు, అబ్బాయి కారు తీసుకుని కోటకు వెళ్తారు. మీరెవరూ లేవరు. షర్జా దర్వాజా మీద చెక్కిన పులుల దగ్గర మొదలుపెట్టి, గుంబద్ దర్వాజా దాటి, కందకాలు, మాండూ దర్వాజా వైపు, పెద్ద ఫిరంగి ఉన్న బురుజు దాకా వాళ్లిష్టం వచ్చినట్టు తిరగొచ్చు. ఎక్సెల్ షీట్ మొత్తం అక్కడ ఖర్చు పెట్టుకోవచ్చు. తలా లీటరు నీళ్లు, టోపీ, గ్రిప్పున్న బూట్లు ఉండాలి. చెప్పులతో ఎర్ర కంకర మీద జారతారు. గోడల అంచులకు రెయిలింగులుంటాయని నమ్ముకోవద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి. ఏడింటికి మీరు ఒక్కరే ఆటోలో బరీద్ షాహీ సమాధుల తోటకు వెళ్లండి. పాప నానమ్మ పక్కన నిద్రపోతూ ఉంటుంది, ఇద్దరూ ఎనిమిదిన్నర దాకా లేవరు. అది ఊరివాళ్లు వాకింగ్‌కు వచ్చే తోట. మధ్యలో, బహమనీల తర్వాత ఇక్కడ ఏలిన బరీద్ షాహీల్లో ఒకరైన అలీ బరీద్ సమాధి. మామూలుగా గోరీలంటే నాలుగు గోడలు మూసి ఉంటాయి, ఇది నాలుగు వైపులా తెరిచిన కమానుల కట్టడం కాబట్టి ఎటు గాలి వీచినా లోపలికొస్తుంది. పైన రంగు పలకల మీద పారశీక పద్యాలు. అవి చదవనక్కర్లేదు, పలక ఏ రంగో కూడా చూడనక్కర్లేదు. ఒక పుస్తకం, ఫ్లాస్కులో టీ తీసుకెళ్లి కూర్చోండి. ఈ రెండు గంటలు ప్లానులో స్థలం పేరు, టైము వేసి రాసి ఉండాలి. "వీలైతే కాసేపు కూర్చుంటా" అని రాస్తే అది జరగదని మీకు నాకన్నా బాగా తెలుసు.

తొమ్మిదిన్నరకు అందరూ టిఫిన్ దగ్గర కలుస్తారు, పది నుంచి పదకొండున్నర దాకా మళ్లీ కోట, ఈసారి అయిదుగురూ. కారు లోపలి దాకా పోతుంది, మ్యూజియం దగ్గర దిగండి. ఒకప్పటి షాహీ హమామ్ అది. నేరుగా అక్కడి పురావస్తు శాఖ సిబ్బందిని రంగీన్ మహల్ తాళం అడగండి. చాలామంది బయట తాళం చూసి మూసేశారనుకుని వెళ్లిపోతారు. కోటలో తప్పక చూడాల్సిన గది అదే. ముందు హాల్లో చెక్కడపు చెక్క స్తంభాలు. లోపలి గది వాకిలి చుట్టూ నల్లరాతిలో పొదిగిన ముత్యపు చిప్ప ముక్కలు, కొన్ని గోరంత కూడా ఉండవు. ఎదురుగా నిలబడితే తెల్లగా ఉంటాయి, అడుగు పక్కకు వేస్తే ఆకుపచ్చ, ఇంకో అడుగు వేస్తే గులాబీ. చేత్తో తాకనివ్వకండి. అక్కడి నుంచి సోలా ఖంబా మసీదు దగ్గరే. 1423-24 నాటిది, రాజధాని ఇంకా పూర్తిగా కుదురుకోక ముందు కట్టింది. అత్తయ్యగారు లోపల చల్లటి నీడలో కూర్చుంటారు. తఖ్త్ మహల్ దాకా వెళ్లాలని మీ వారు అంటే పొద్దున వెళ్లలేదా అని అడగండి. బాత్రూమ్ కోసం కోట మీద ఆధారపడొద్దు, రూములో చూసుకునే బయల్దేరండి. షుగరు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లతో ఇది చిన్న విషయం కాదు. ఎప్పుడైనా మీరు శుక్రవారం వచ్చేలా ప్లాను మార్చుకుంటే, పురావస్తు శాఖ మ్యూజియంలకు మామూలుగా ఆ రోజు సెలవని గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఝరణి. దీని గురించి మీ ఇంట్లో ఎవరూ అత్తయ్యగారికి పూర్తిగా చెప్పినట్టు లేదు. స్వామి ఉన్నది కొండ కింద సొరంగం చివర. దాదాపు 300 మీటర్లు నీళ్లలో నడిచి వెళ్లాలి. నీళ్లు నడుము నుంచి ఛాతీ దాకా వస్తాయి. పాప లోతుకు అందదు, భుజం మీద ఎత్తుకోవాలి. కాళ్ల కింద నేల సమంగా ఉండదు, పాకుడు ఉంటుంది, ఎదురుగా తిరిగొచ్చేవాళ్లూ అదే దారిలో వస్తారు. సెలవు రోజుల్లో జనం ఎక్కువైతే లోపల గాలి ఆడదు. ఆ కారణానికీ, మరమ్మతులకూ సొరంగం మూసిన రోజులు ఉన్నాయి. నీళ్లలో మనిషి బరువు తగ్గినట్టుంటుంది కాబట్టి మోకాళ్ల మీద భారం తక్కువే పడుతుంది, ఆ మాట నిజం. ప్రమాదం నడకలో కన్నా జారడంలో, మధ్యలో ఆయాసం వస్తే వెంటనే బయటికి రాలేకపోవడంలో ఉంది. బీపీ ఉన్న మనిషి, పోయినసారి ఎండకే ఇబ్బంది పడ్డారు. నన్నడిగితే డాక్టరు సరేననకుండా లోపలికి వద్దు.

కానీ ఈ నిర్ణయం మీరూ మీ వారూ వంటింట్లో మాట్లాడుకుని తేల్చేది కాదు. నీళ్ల లోతు, దూరం, చీకటి, అన్నీ ఆవిడకు చెప్పి ఆవిడనే తేల్చుకోనివ్వండి. "వద్దులే, బయట నుంచి దణ్ణం పెట్టుకుంటా" అని ఆవిడే అంటే మనసులో ఏమీ మిగలదు. మీరు వద్దంటే ఏడాది పొడుగునా మిగులుతుంది. వెళ్తానంటే డాక్టరును అడగండి, బయల్దేరే ముందు రోజు హోటల్‌కు ఫోన్ చేసి సొరంగం తెరిచి ఉందో లేదో కనుక్కోండి, ఆదివారం ఏడింటికే అక్కడుండండి. ఆవిడకు అటొకరు ఇటొకరు పట్టుకోవాలి, అందులో ఒకరు మీ వారే కావాలి. అంటే ఆయన, అబ్బాయి కోట పొద్దుట పూట పోతుంది, పది తర్వాత ఎండలో గంటన్నరతో సరిపెట్టుకోవాలి. మీ తోట కూడా పోతుంది. ఈ బేరం అందరికీ ముందే తెలియాలి. చీరతో నీళ్లలో నడవడం కష్టం, నైటీయో పంజాబీ డ్రెస్సో, ఒక జత పొడి బట్టలు, తువ్వాలు పెట్టుకోండి. ఫోన్లు కార్లో వదిలేయండి.

మీ వారితో ఎలా చెప్పాలన్నారు. "మీ ప్లాను బాగోలేదు" అన్న చోట మొదలుపెడితే ఆయన పద్నాలుగు స్పాట్లనూ ఒక్కొక్కటిగా సమర్థించుకుంటారు. ఆయన షీట్‌లోనే కొత్తగా మూడు కాలమ్‌లు పెట్టమనండి: ఎవరు దిగుతారు, ఎంత నడక, దిగనివాళ్లు ఎక్కడుంటారు. ఆయనే నింపాలి. పాపనాశం ఎదురుగా అయిదు పేర్లూ నింపడానికి కూర్చున్నప్పుడు ఆయనకే తెలుస్తుంది. ఆదివారం కోటలో మూడు గంటలు మీ ఇష్టం, ఎవరూ ఫోన్ చేయరు అన్న మాట ముందే చెప్పండి. స్పాట్లు ఎక్కువ పెట్టుకునే మనిషికి నిజానికి కావలసింది తొందరపెట్టేవాళ్లు లేకపోవడం. అది దొరుకుతుందంటే చౌబారా, కరేజ్ ఆయనే కొట్టేస్తారు. ఒప్పుకోకపోతే ఒక్కరోజు ప్లానుకు సరేననండి, రెండు చోట్లకే, మూడింటికి వెనక్కి అనే షరతు మీద.

బిద్రీ షాపులు శనివారం సాయంత్రమే చూసేయండి, చౌబారా దగ్గరి వీధుల్లో ఉంటాయి. ఆదివారం అన్నీ తెరుస్తారని లెక్క వేసుకోవద్దు. కొనకపోయినా పని జరిగే చోటు చూపించమని అడగండి. దాదాపు 16 పాళ్ల జింకుకు ఒక పాలు రాగి కలిపి ఇసుక అచ్చులో పోత పోస్తారు, మైలుతుత్తం రాసి నల్లగా చేసి దానిమీద డిజైను గీసి, ఉలితో తొలిచి, ఆ గాడిలో వెండి తీగ కొడతారు. తర్వాత మొత్తం నున్నగా రుద్దేసరికి తీగా, లోహమూ ఒకే తెలుపు, పనంతా వృథా అయిందా అనిపిస్తుంది. అప్పుడు కోటలోని పాత మట్టిని నవాసాగరంతో కలిపి, వేడి చేసిన వస్తువుకు పట్టిస్తారు. జింకు నల్లబడుతుంది, వెండి నల్లబడదు, డిజైను తిరిగొస్తుంది. మట్టి సరైనదో కాదో కొందరు నాలుక మీద వేసుకుని చూస్తారు. ఈ పనికే 2023లో బీదర్‌కు చెందిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చింది. కొనేటప్పుడు గోటితో తీగ అంచు తడమండి, నేలతో సమంగా ఉండాలి, గోరు తట్టుకోకూడదు. చేత్తో పట్టుకుంటే కనిపించినదానికన్నా బరువుండాలి. ఇంటికొచ్చాక చింతపండు, పీతాంబరి పెట్టి తోమితే నలుపు పోతుంది. మెత్తటి గుడ్డతో చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు.

ఖర్చు సంగతి: రానుపోను, ఊళ్లో తిరుగుడు కలిపి 320 కిలోమీటర్లు వేసుకోండి, లీటరుకు 15 ఇచ్చే కారుకు 21, 22 లీటర్లు. టోల్ రెండుసార్లు. ఒక పూట భోజనం గురుద్వారాలో. మిగిలిందంతా రెండు రూములకు, బిద్రీకి. రూములు పక్కపక్కన, కింది అంతస్తులో కావాలని, ఇంగ్లిష్ టాయిలెట్ ఉండాలని ఫోన్లోనే అడగండి, లిఫ్టు ఉందన్న మాటతో తృప్తి పడొద్దు, కరెంటు పోతే అదీ పోతుంది. ఆదివారం చెకవుట్ పన్నెండుకు కాబట్టి పదింటికి కోటకు వెళ్లేముందే సామాను కార్లో పెట్టేయండి. భోజనం చేసి రెండింటికల్లా కదిలితే సాయంత్రం పటాన్‌చెరు దగ్గర లారీలు, తిరిగొచ్చే కార్లు ముమ్మరం కాకముందే దాటేస్తారు. ఒకవేళ బయల్దేరే రోజు అత్తయ్యగారు నేను రాను అంటే, మొహమాటానికా నిజంగానా అని ఒక్కసారి అడగండి. నిజంగానే అయితే ఆవిడకు తోడెవరో చూసుకుని ఒక రూము రద్దు చేయండి. రద్దు ఎప్పటిలోగా ఉచితమో బుకింగ్ చేసేటప్పుడే అడిగి పెట్టుకోండి.